అన్‌లెడెడ్ అంటే ఏ పెట్రోలు?

ప్రశ్న: ఈమధ్య 2002 మోడల్ పాత కారు ఒకటి కొన్నాను. పెట్రోలు పోసే చోట మూత లోపల ‘అన్‌లెడెడ్ పెట్రోల్ ఓన్లీ’ అని స్టిక్కర్ ఉంది. మా ఊరి బంకులో అడిగితే అలాంటిది లేదు, మామూలుదీ పవర్ పెట్రోలూ రెండే ఉన్నాయన్నాడు అక్కడి కుర్రాడు. ఇన్నాళ్లూ మామూలుదే పోయించాను, ఇంజను పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఈ మాటకు అర్థం ఏమిటండీ?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: టెన్షన్ పడకండి, మీరు పోయిస్తున్నది అదే. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశమంతటా బంకుల్లో అమ్మేది అన్‌లెడెడ్ పెట్రోలే. అంతా అదే అయ్యాక విడిగా పేరు పెట్టి అడిగే అవసరం పోయింది, ఆ కుర్రాడికి మాట తెలియకపోవడంలో అతని తప్పేమీ లేదు. ఖరీదైన పవర్ పెట్రోలే అన్‌లెడెడ్ అని కొందరు అనుకుంటారు, అది పొరపాటు.

లెడ్ అంటే సీసం, అన్‌లెడెడ్ అంటే సీసం కలపనిది. వెనకటికి ఇంజన్లలో పెట్రోలు అదను తప్పి మండి టకటకమని కొట్టుకునేది, మెకానిక్కులు నాకింగ్ అంటారే, అదే. టెట్రాఎథిల్ లెడ్ అనే సీసపు రసాయనం కాస్త కలిపితే అది ఆగుతుందని 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టాడు. అమ్మేటప్పుడు మాత్రం దానికి ‘ఎథిల్’ అని పేరు పెట్టి సీసం మాట పైకి రానివ్వలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే: కలిపినన్నాళ్లూ పేరులో లేని సీసం, తీసేశాక పేరులోకి వచ్చింది. ఈలోగా ఆ పొగలోని సీసం రోడ్ల పక్కన పెరిగిన పిల్లల రక్తంలోకి చేరింది, కర్నూలు, అనంతపురం మీదుగా పోయే హైవే పక్కన ఇళ్లున్నవాళ్లూ దాన్ని పీల్చినవాళ్లే. పిల్లల మెదడుకు సీసం కొంచెమైనా చేటే.

మన దగ్గర మార్పు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో మొదలైంది. కొత్త కార్లకు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టారు, సీసం దాని లోపల పూతలా పట్టేసి పనికిరాకుండా చేస్తుంది, మీ కారు స్టిక్కర్ అందుకే. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో సీసం పెట్రోలు మానేసింది.

ఇక తెలుగు మాట. ‘సీసరహిత ఇంధనం’ అన్నా తప్పు కాదు గానీ, ‘సీసం లేని పెట్రోలు’ అంటే ఎవరికైనా ఒక్కసారికే తెలుస్తుంది. కొందరు ‘అన్‌లీడెడ్’ అని రాస్తున్నారు, అలా రాయకండి, లీడ్ అంటే ఓట్ల లెక్కింపులో వచ్చే ఆధిక్యం. ‘సీసా’తోనూ కలపకండి, సీసా వేరు, సీసం వేరు. సీసం లేదు కదా అని పొగ మంచిదైపోదు, మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఉంచకండి.

మీ కారుకు చూపించాల్సింది ఇంకోటి ఉంది. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుపుతున్నారు, 2002 నాటి రబ్బరు పైపులు, సీళ్లు దానికి తట్టుకుంటాయో లేదో నమ్మకమైన మెకానిక్ చేత ఒకసారి చూపించండి.