నాన్నతో ట్రయల్ కాగితాల మీద సంతకం చేయించారు.. ఇప్పుడు వద్దనొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మాది హిందూపురం దగ్గర పల్లె. ఈమధ్యే ఆయన్ని బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి తెచ్చుకున్నాం. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.9 వచ్చింది. ఇక్కడో ప్రైవేటు ఆస్పత్రిలో చూపిస్తే కొత్త మందు ట్రయల్‌లో చేరమన్నారు. మందులు, పరీక్షలు ఉచితం, రానుపోను ఖర్చులు కూడా ఇస్తారట. నేను బిల్లు కట్టడానికి వెళ్లి వచ్చేలోపు ఇంగ్లీషులో ఉన్న ఇరవై పేజీల కాగితాల మీద ఆయనతో సంతకం పెట్టించారు. తేదీ గడి ఖాళీగా వదిలేయమన్నారట. కాపీ ఇవ్వలేదు. నాన్నకు తెలుగు తప్ప మరో భాష రాదు. వచ్చే వారం మందు మొదలుపెడతామంటున్నారు. పంపాలా, వద్దా? మానేస్తే ఆ డాక్టరు గారు మళ్లీ చూడరేమోనని నాన్న భయపడుతున్నారు.
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ నాన్నగారు ఏ క్షణంలోనైనా వద్దనొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. అలా అన్నందుకు ఆస్పత్రి మామూలు వైద్యం ఆపకూడదు. ఈ మాట ఆయన సంతకం పెట్టిన ఆ కాగితాల్లోనే రాసి ఉండాలి.

అలాగని ట్రయల్ అనగానే మోసమని అనుకోవద్దు. మెట్‌ఫార్మిన్‌తో సహా ఈరోజు మనం వాడే మందుల్లో చాలావరకు ఎవరో ఒకరు ముందుగా పరీక్షకు నిలబడితే వచ్చినవే. మీ విషయంలో నాకు అనుమానం మందు మీద కాదు, అడిగిన తీరు మీద. ఈ రెండూ వేరని మన తెలుగువాళ్లకు ఖమ్మం జిల్లా ఎప్పుడో చూపించింది. 2009లో అక్కడ బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసే ప్రాజెక్టు నడిచింది. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నోచోట్ల వార్డెన్లే పెట్టేశారు. 2010లో ప్రాజెక్టు ఆగిపోయింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ఆడపిల్లలకు వేయించమని నేనూ చెబుతుంటాను. తప్పు జరిగింది ఆ సంతకాల దగ్గర.

ఖాళీగా వదిలేయమన్న ఆ తేదీ గడే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. సంతకం పక్కన తేదీ పాల్గొనే మనిషే తన చేత్తో వేయాలి. ఒప్పుకున్నాకే ట్రయల్ కోసం రక్తం తీశారా, ముందే తీశారా అన్నది ఆ తేదీని బట్టే తేలుతుంది. దాన్ని ఖాళీగా ఉంచారంటే తర్వాత తమకు కావాల్సిన రోజు వేసుకునే వీలు ఉంచుకున్నట్టే. ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్ తొందరలో అలా అని ఉండొచ్చు, కానీ ఈ ఒక్క గడిలో అబద్ధం ఉంటే మిగతా రికార్డును ఎలా నమ్మాలి?

మరో మాట. మన పెద్దవాళ్లు "డాక్టరు గారు చెప్పారు కదా" అని సంతకం పెట్టేస్తారు, ఆ మందు తమ ఒంటికి చూసి రాశారనుకుంటారు. ట్రయల్‌లో అలా ఉండదు. చాలా ట్రయల్స్‌లో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత మందు లేదా ఉత్తుత్తి మాత్ర అన్నది చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. ఇచ్చే డాక్టరుకూ తెలియకపోవచ్చు. ఈ సంగతి నాన్నగారికి తెలుగులో చెప్పారా? ఆయన చదవగలిగే భాషలో, ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో పాల్గొనేవాళ్ల భద్రత, హక్కులు చూసే సంఘం) ఆమోదించిన పత్రం ఇవ్వాలి. చదవలేనివాళ్లయితే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచీ పక్కనే కూర్చుని సంతకం చేయాలి. ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకుంటామంటే వద్దనే హక్కు ఎవరికీ లేదు.

వచ్చే వారం మందు కోసం కాకుండా ఈ ప్రశ్నలు అడగడానికి వెళ్లండి, మీరూ పక్కన ఉండండి. తెలుగు పత్రం, సంతకం చేసిన దాని కాపీ, సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) నంబరు అడగండి. మన దేశంలో ట్రయల్స్‌ను ఆ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. ఆ నంబరుతో దాని వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూడొచ్చు. పాత మాత్రలు ఆపుతారా, ఎన్ని వారాలు? ఇది తప్పకుండా అడగండి. 8.9 ఉన్న మనిషికి ఉన్న మందులూ ఆపేస్తే అతి దాహం, మాటిమాటికీ మూత్రం మొదలవ్వొచ్చు. అదే గ్లిమెపిరైడ్ మీద ఇంకో మందు చేరిస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. అర్ధరాత్రి అలా అయితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో కాగితం మీద ఉండాలి.

2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో ఉండగా ఏదైనా హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి. అది ట్రయల్ వల్లేనని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి. సంతకం పెట్టినంత మాత్రాన ఈ హక్కు పోదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసుకోండి అంటే ఒప్పుకోవద్దు.

జవాబులు సూటిగా రాకపోతే ఎథిక్స్ కమిటీకి రాయండి. వాళ్ల ఫోన్ నంబరు ఆ పత్రంలోనే ఉండాలి. కమిటీలో కనీసం ఏడుగురు ఉంటారు, అందులో సగం మంది ఆ ఆస్పత్రికి సంబంధం లేనివాళ్లు, కాబట్టి డాక్టరు గారు ఏమనుకుంటారోనన్న మొహమాటం అక్కర్లేదు. తప్పుకోవాలనుకుంటే తెల్లకాగితం మీద రెండు ముక్కలు రాసి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ట్రయల్ మందు అప్పటికే వేసుకుని ఉంటే మాత్రం వాళ్లు చెప్పే చివరి పరీక్ష చేయించుకోండి, అది నాన్నగారి భద్రత కోసమే.

ట్రయల్ సంగతి ఏమైనా 8.9ను అలా వదిలేయకూడదు. పాత మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, అలాగే కంటి రెటీనా పరీక్షలు ఏడాదిగా చేయించకపోతే ఈ నెలలోనే చేయించండి. ఆ రిపోర్టులు పట్టుకుని వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా ఫర్వాలేదు, మందు మార్చాలా, ఇన్సులిన్ కలపాలా అన్నది అవి చూసి చెబుతారు.