అంబులెన్స్ ఈఎంటీ ఉద్యోగం చేస్తే కేసులు మీద పడ్తయా? దేవరకొండ నాన్నకు జవాబు

దేవరకొండ దిక్కు నుంచి ఒక నాన్న అడిగిండు. బిడ్డ నల్లగొండలో బీఎస్సీ బీజెడ్‌సీ పూర్తి చేసింది, 108లో ఈఎంటీగా, అంటే అంబులెన్స్‌లో పేషెంట్‌ను చూసుకునే టెక్నీషియన్‌గా, పోతానంటున్నది, ఇంట్లో మాత్రం రోజూ ఇదే లొల్లి. "సార్, దారిలో పేషెంట్ పాణం పోతే మా బిడ్డ మీద కేసు పెడ్తరంట, మా బామ్మర్ది చెప్పిండు, నిజమేనా? ఆడపిల్ల, పైగా రాత్రి డ్యూటీలు, పంపాల్నా వద్దా?" అని.

అన్నా, పంపుడా వద్దా అనేది మీరూ బిడ్డా కూసొని తేల్చుకోండి, కేసుల సంగతి మాత్రం నేను చెప్తా, ఎందుకంటే ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కూడా నాలుగేండ్లు అంబులెన్స్ వెనక సీట్లో కూసున్నోన్నే. పేషెంట్ చనిపోయిండని కేసు కాదు. చెయ్యరానిది చేసినందుకో, చెయ్యాల్సింది చెయ్యనందుకో, చేసింది రాసి పెట్టుకోనందుకో తిప్పలు వస్తయి. నిర్లక్ష్యం వల్ల చావు అనేదానికి భారతీయ న్యాయ సంహితలో 106 సెక్షన్ ఉంది, 5 ఏండ్ల దాకా జైలు. డాక్టర్ రిజిస్ట్రేషన్ ఉన్నోళ్లకైతే 2 ఏండ్ల దాకనే, ఈఎంటీకి ఆ తగ్గింపు లేదు. ఇది దాచిపెట్టి "ఏం కాదు పంపండి" అంటే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే.

మీ బామ్మర్దికి ఎవరో ఇంకోటి కూడా చెప్పి ఉంటరు, యాక్సిడెంట్‌లో సాయం చేసినోళ్లను సతాయించొద్దని చట్టం ఉంది కదా అని. ఉంది. 2016లో సుప్రీంకోర్టు సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో గట్టిగా చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి 134ఏ అని సెక్షన్ పెట్టిండ్రు. కానీ అది పైసా ఆశించకుండా తనంతట తాను ముందుకొచ్చిన మనిషికి, అంటే నకిరేకల్ బైపాస్ మీద టీ కొట్టు వదిలేసి ఉరికొచ్చి గాయపడ్డోన్ని ఎత్తుకునే ఆయనకు. మీ బిడ్డ జీతం తీసుకొని డ్యూటీ మీద పోతది, ఆ గొడుగు కింద ఆమె నిలబడలేదు. ఈ తేడా కొన్ని ట్రైనింగ్ సెంటర్లలో కూడా చెప్పరు, నాకైతే అదే పెద్ద కోపం.

మరి ఆమెకు గొడుగు ఏంది అంటే మూడు: నేర్పిన ప్రోటోకాల్ దాటకపోవుడు, డౌట్ వస్తే కాల్ సెంటర్‌లో ఉండే డాక్టర్‌ను, అదే ఈఆర్‌సీపీని, ఫోన్‌లో అడుగుడు, ఆయన ఏం చెప్పిండో ఏ టైముకు చెప్పిండో పీసీఆర్‌లో రాసుడు. పీసీఆర్ అంటే పేషెంట్ కేర్ రికార్డు, ప్రతి కేసుకు నింపే కాగితం. కొత్త పిల్లలు దీన్ని క్లర్కు పని అనుకుంటరు.

ఒకటి చెప్తా వినండి. నార్కట్‌పల్లి దాటినంక హైవే మీద, రాత్రి 2 దాటింది, ఆగి ఉన్న లారీని వెనక నుంచి బైకు గుద్దింది, మనిషికి స్పృహ లేదు. మెడలో గొలుసు, వేలికి ఉంగరం. మా పైలట్, అంటే డ్రైవరే, 108లో అట్లనే పిలుస్తరు, కానిస్టేబుల్‌ను పక్కన నిలబెట్టిండు, నేను ఒక్కొక్కటే తీసి కవర్లో వేసి రాసిన: పసుపు రంగు లోహపు గొలుసు 1, ఉంగరం 1, అద్దం పగిలిన ఫోన్ 1, నగదు 640 రూపాయలు. బంగారం అని రాయలే, బంగారమో రోల్డ్‌గోల్డో నేనేమన్న కంసాలినా. కానిస్టేబుల్‌తో సంతకం, క్యాజువాలిటీలో అప్పజెప్పినంక నర్సుతో ఇంకో సంతకం. వారం తర్వాత ఆయన తమ్ముడొచ్చి గొలుసుకు లాకెట్ ఉండాలె ఏదీ అని గల్లా పట్టినంత పని చేసిండు. కాగితం చూపించినంక ఇగ సప్పుడు చెయ్యలే. ఆ రాత్రి సంతకానికి బద్ధకిస్తే నేను దొంగనై కూసుందు.

మన దిక్కు పత్తి చేన్లు ఎక్కువ కాబట్టి పురుగుల మందు తాగిన కేసులు వస్తనే ఉంటయి. అక్కడ ఇంటోళ్లు కాళ్లు పట్టుకుంటరు, "పొరపాటున తాగింది అని రాయి బిడ్డా, పోలీసోళ్లు రాకుంట చెయ్యి" అని. మీ బిడ్డ మనసు కరుగుతది, కరగాలె కూడా, కానీ కలం కరగొద్దు. ఇంటోళ్లు ఏం చెప్పిండ్రో వాళ్ల మాటగా రాయాలె, తనకు కనపడింది, వాసన, పక్కన దొరికిన డబ్బా, విడిగా రాయాలె, ఎందుకు తాగింది అనేది తేల్చుడు ఈఎంటీ పని కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115 సెక్షన్ ప్రకారం అట్ల ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, ఆ మనిషికి శిక్ష వెయ్యొద్దు, ఈ ముక్క నెమ్మదిగా చెప్తే ఇంటోళ్లకు సగం భయం పోతది. డబ్బా మాత్రం దవాఖానకు పట్టుకపోవాలె, ఏ మందో తెలిస్తేనే డాక్టర్ విరుగుడు చూస్తడు. గ్లౌజులు లేకుండా ఆ బట్టలు ముట్టొద్దు, ఆ మందు చర్మంలోంచి కూడా దిగుతది.

ఒద్దు నేను రాను అనే పేషెంట్లూ ఉంటరు. పెద్ద మనిషి, తెలివిలో ఉన్నడు, ఏం జరగొచ్చో చెప్పినంక కూడా రానంటే గుంజకపోయే హక్కు మనకు లేదు, సంతకం, సాక్షి, ఈఆర్‌సీపీకి ఫోన్, అంతే. స్పృహ లేనోన్ని మాత్రం ఒప్పుకున్నట్టే లెక్కేసి తీసుకపోవాలె. "పాణం ఉందా పోయిందా చెప్పు" అని గుంపు మీద పడ్తది, ఆ మాట చెప్పేది డాక్టరే, నువ్వు నోరు జారొద్దు అని బిడ్డకు ఇప్పుడే చెప్పండి. ఫోన్ సంగతైతే మరీ. యాక్సిడెంట్ ఫోటో వాట్సప్ గ్రూపులో పెట్టిండ్రంటే ఉద్యోగం పోయినట్టే అనుకోండి, రేప్ కేసుల్లో బాధితురాలి పేరు, ఊరు బయటపెడ్తే ఏకంగా నేరం. 18 ఏండ్లు నిండని పిల్లల మీద అట్లాంటిది జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19 సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలె, ఇంటోళ్లు వద్దన్నా సరే.

ఇగ మీకు నిజంగా భయం ఉండాల్సింది కోర్టు గురించి కాదన్నా, ఆమె ఒంటి గురించి. పెద్దవూర దిక్కు ఒక బావి కాడ రైతుకు మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు కొట్టింది, నేను కొత్త, బ్యాగు పట్టుకొని ఉరికిన, పైలట్ వెనక నుంచి కాలర్ పట్టి గుంజిండు. ఫ్యూజులు పీకినం అని ఊరోళ్లు అంటనే ఉన్నరు, కింద మడి తడి, ఆయన ఎవ్వరి మాటా ఇనలే, లైన్‌మెన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఏబీ స్విచ్, అంటే లైన్ మొత్తం బంద్ చేసే స్విచ్, దించి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకున్న అని చెప్పేదాక ఒక్క అడుగు వెయ్యనియ్యలే. ఊరోళ్లు బూతులు తిట్టిండ్రు, తర్వాత తెలిసింది, వాళ్లు ఫ్యూజులు పీకినం అన్నప్పుడు ఒక ఫేజులో కరెంటు ఇంకా ఉండె. ముందు నువ్వు బతికుండాలె అనేది స్వార్థం కాదు, ట్రైనింగ్‌లో మొదటి పాఠమే అది. హైవే మీద మెరిసే జాకెట్ లేకుండా దిగుడు, పాడుబడ్డ బావిలోకి గాలి చూడకుండా దిగుడు, ఇవన్నీ అదే లెక్క. ఎవరన్న చెయ్యి చేసుకుంటే 2008 చట్టం ఉంది, వైద్య సిబ్బంది మీద దాడికి 3 ఏండ్ల దాకా జైలు, పారామెడికల్ వాళ్లు కూడా అందులోకే వస్తరు. కానీ గుంపు తాగి ఉంటే చట్టం పుస్తకం పని చెయ్యదు, బండ్లో కూసొని తలుపేసుకొని పోలీసులను పిలవాలె.

రాత్రి డ్యూటీ గురించి మీ బాధ అబద్ధం కాదు. చేరేటప్పుడు సూటిగా అడగండి, ఇన్సూరెన్స్ ఉందా, షిఫ్టు అయినంక ఇంటికి ఎట్ల చేరాలె, పోస్టింగ్ ఏ మండలం, పైలట్‌తో ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పుకోవాలె. మొహమాట పడకండి. కోర్సుకు పైసలు కట్టాల్సి వస్తే ఆ సెంటర్‌కు పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో బోర్డులోనే కనుక్కోండి, గోడ మీది ఫ్లెక్సీ చూసి కట్టొద్దు.

సూది గుచ్చుకునుడు ఈ పనిలో ఎప్పుడో ఒకసారి అయితది. అప్పుడు పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, సిగ్గుపడకుండా వెంటనే చెప్పాలె, హెచ్‌ఐవీ రాకుండా వాడే మందు 2 గంటల్లో మొదలుపెడ్తే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. హెపటైటిస్ బీకి మాత్రం ముందే టీకా ఉంది, మూడు డోసులు, రెండోది నెలకు, మూడోది మొదటి దాని నుంచి 6 నెలలకు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా మొదటి డోసు ఈ వారమే వేయించండి, మీరు ఇంట్లో ఇంకా లొల్లి పెట్టుకుంటున్నా సరే.