షెడ్డు షట్టర్ దించొద్దు తల్లీ

ఆదోని

తల్లీ,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ అబ్బ అంబాసిడర్‌ను నువ్వే బాగు చేస్తానని పూనుకున్నావంట, ముందు డాష్‌బోర్డు పట్టుకుంటావంట. ఇంట్లో అందరూ పాత ఇనుముకు వేద్దామంటే తాళం తీసి దాచిపెట్టినావని కూడా చెప్పింది. మంచి పని చేసినావు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పోగొట్టుకుంటే మళ్లీ వచ్చేది కాదు. నా మేనకోడలు రంగు కొట్టే గన్ పట్టుకుంటుందని విని నాకు ఎంత గర్వమైందో రాయడం నా చేత కాదు.

అయితే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. కంప్రెసర్ బాడుగకు మాట్లాడినావంట, పి.యు. (పాలీయురేతేన్) పెయింటు, అది గట్టిపడడానికి కలిపే హార్డ్‌నర్ కొని తెచ్చినావంట, దుమ్ము పడకుండా షెడ్డు షట్టర్ దించి కొడతావంట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నా. చివరిదాకా చదువు.

ముందు పని వరస. బ్యాటరీ వైర్లు విప్పి బ్యాటరీని బయట పెట్టు. విప్పే ముందు ఏ కొస బాడీకి ఎర్త్ అయిందో రాసిపెట్టుకో, పాత ఇంగ్లీషు డిజైను బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవి కూడా ఉంటాయి. ప్రతి వైరుకు చీటీ కట్టు, ఫోటో తీసుకో. స్పీడోమీటర్ కేబుల్ మరను చేత్తోనే తిప్పి విప్పు. మీటర్ల అంకెల మీద థిన్నర్ గుడ్డ పెట్టొద్దు, అంకెలు గుడ్డకే వస్తాయి. ఏ రేకు బోల్టులతో ఊడి వస్తుందో, ఏది బాడీకే వెల్డింగు అయిందో చూసుకో. ఊడి వచ్చేవన్నీ విప్పి బల్ల మీద పెట్టుకుంటే సగం కష్టం తగ్గుతుంది.

ఇంక ఈ బండికి ప్రత్యేకంగా ఉన్న చిక్కు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడినప్పుడు పాత ఊర్లో మీ వాకిట్లోనే ఇది మునిగింది. నీళ్లు తీసినాక అందరూ ఇంజను చూసుకున్నారు, సీట్లు ఎండబెట్టుకున్నారు. డాష్‌బోర్డు వెనక మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ ఒండ్రు ఇంకా ఆడనే గట్టిపడి ఉంటుంది. పైపు పెట్టి కడగొద్దు. మెత్తని బ్రష్షుతో రాల్చి, వ్యాక్యూమ్‌తో లాగేయి. వైర్ల కొసల్లో పచ్చగా చిలుము కనిపిస్తే ఆ కొసలు కోసి కొత్తవి బిగించు. పైతొడుగు పెళుసెక్కి ముక్కలవుతున్న వైర్లను అట్లే ఉంచి దాని ముందు కొత్త రంగు కొట్టడమంటే మంటకు తలుపు తెరిచిపెట్టడమే. రంగు కంటే ముందు వైరింగు.

వరద తర్వాత ఎవరో బ్రష్షుతో సింథటిక్ ఎనామిల్ పూసినారు. దాని కింద కంపెనీ రంగు ఉంది. ఏ పొర ఏదో తెలుసుకోవాలంటే కనపడని మూలన థిన్నర్ గుడ్డ అదిమి పట్టు. రంగు కరిగి గుడ్డకు వస్తే అది లాకర్, అంటే థిన్నర్ ఆవిరైతేనే ఆరే రంగు. పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ముడతలు పడితే ఎనామిల్. ఎనామిల్ మీద లాకర్ కొడితే అదే ముడత నీ కొత్త రంగంతటా వస్తుంది. కాబట్టి ఎనామిల్‌ను మొత్తం తీసేయక తప్పదు. తీసేముందు యాష్‌ట్రే ఊడదీసి దాని వెనక చూడు. ఎండ తగలని అసలు రంగు ఆడ దొరుకుతుంది. షేడ్ కలిపేవాడికి ఆ ముక్కే చూపించు. ఎండకు వెలిసిన పై రంగు చూసి కలిపితే మీ అబ్బ బండి రంగు రాదు.

రుద్దేటప్పుడు పొడిగా గరుకు పేపర్ కొట్టొద్దు. ఆ కాలం రంగుల్లో సీసం ఉండేది. ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదనే నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరు నుంచే. ఈ బండి రంగు దానికి ఎన్నో ఏండ్ల ముందుది. వాటర్ పేపర్‌తో తడిపి రుద్దు. ఆ బురదను పాత పేపర్ల మీద పట్టి మూటగట్టి పారేయి, జేజి కరివేపాకు చెట్టు మొదట్లో మాత్రం పోయొద్దు. చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు. చిన్న పిల్లలను ఆ పక్కకు రానీయొద్దు.

ఇంకొకటి. డాష్‌బోర్డు మెరవాలని ఇన్నేండ్లూ స్ప్రే పాలిష్ కొట్టినారు కదా, అందులో సిలికాన్ ఉంటుంది. అది చుక్కంత మిగిలినా కొత్త రంగు ఆడ నిలవదు, గుంటలు గుంటలుగా విడిపోతుంది. మేము ఫిష్ ఐ అంటాం. గ్రీజు తీసే ద్రావకంతో ముందే తుడువు, ఆ తర్వాతే పేపర్ కొట్టు. ముందు రుద్దితే సిలికాన్ గీతల్లోకి దిగిపోతుంది.

ఇప్పుడు అసలు మాట. నీకు మా ఉస్తాద్ తెలియదు. నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. బళ్ళారి చౌరస్తా అవతల రేకుల షెడ్డు. కర్నూలులో బండి రంగు అంటే ఆయప్పే. డబ్బా మీద నంబరు చూసేవాడు కాదు. ఎండలో పుల్లకు రంగు అంటించి, బండి తలుపు పక్కన పట్టి, కన్ను చికిలించి, "ఇంకొంచెం పసుపు" అనేవాడు. అంతే, షేడ్ కుదిరేది. మేమందరం అప్పట్లో ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్ రంగే కొట్టేవాళ్లం, జనం డ్యూకో అంటారే, అదే. థిన్నర్ ఆవిరైపోతే ఆరిపోతుంది. తర్వాత నువ్వు కొన్న పి.యు. మాదిరి హార్డ్‌నర్ కలిపే రంగులు వచ్చినాయి. అద్దం మాదిరి మెరుపు, పెట్రోలు చిందినా చెదరదు. గిరాకీలందరూ అదే అడిగినారు.

ఆ రంగుతో ఒక చిక్కు. నెమ్మదిగా ఆరుతుంది. ఆరేలోగా దుమ్ము కూర్చుంటుంది. మన ఊరి గాలి నీకు తెలుసు. ఒక్క దుమ్ము కణం పడినా ఉస్తాద్ ఒప్పుకునేవాడు కాదు. అందుకని షెడ్డు తలుపులు మూయించినాడు, సందుల్లో గోనె సంచులు కుక్కించినాడు. ముఖానికి తడి రుమాలు కట్టుకుని లోపల ఒక్కడే కొట్టేవాడు. మమ్మల్ని లోపలికి రానిచ్చేవాడు కాదు, మేము అడుగు పెడితే దుమ్ము లేస్తుందని. ఆ పట్టింపే నన్ను కాపాడిందని తర్వాత అర్థమైంది.

మొదట దగ్గు. అది కూడా పని చేసేటప్పుడు కాదు, ఇంటికి పోయినాక రాత్రిపూట. ఛాతీ బిగపట్టినట్టుండేదంట. శుక్రవారం సెలవు పెడితే తగ్గేది, శనివారం గన్ పట్టుకుంటే మళ్లీ మొదలు. చలి అన్నాడు, బీడీ అన్నాడు, బీడీ మానేసినాడు. రంగును మాత్రం అనుమానించలేదు. వాసన ఘాటుగా లేదు కదా, ఎన్.సి. థిన్నరే ఎక్కువ కంపు కొడుతుంది, ఇది ఏం చేస్తుందిలే అనేవాడు. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరు ఏం పని చేస్తావని అడిగి, డబ్బా తెప్పించుకుని చదివి చెప్పినాడు. హార్డ్‌నర్‌లో ఉండేది ఐసోసయనేట్. 1984లో భోపాల్‌లో అంతమందిని చంపిన గ్యాసు కూడా ఐసోసయనేట్ కుటుంబమే. హార్డ్‌నర్‌లోది అది కాదు, దానంత వేగంగా ఆవిరి కూడా కాదు. కానీ గన్ దాన్ని మంచు మాదిరి తుంపర చేసి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పంపిస్తుంది. రుమాలు దాన్ని ఆపదు. వాసన బట్టి కనిపెట్టలేం, ముక్కుకు తెలిసే లోపే హాని చేసే మోతాదు దాటిపోయి ఉంటుంది. ఒంటికి ఒకసారి అది పడకుండా పోయిందంటే ఇంక జన్మలో పడదు. తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం వచ్చి పడుతుంది.

ఉస్తాద్‌కు అదే అయింది. ఆ తర్వాత షెడ్డు గేటు దాటి లోపలికి రాలేకపోయినాడు. మేము లోపల హార్డ్‌నర్ మూత తీస్తే రోడ్డు మీద ఉన్న మనిషికి ఊపిరి ఆడేది కాదు. అంతటి పనివాడు, తన షెడ్డు ముందు చెట్టు కింద కుర్చీ వేసుకుని మాకు షేడ్లు చెబుతూ కూర్చున్నాడు. ఆయన గన్ నాకిచ్చినాడు. నేను ఆ గన్‌లో హార్డ్‌నర్ రంగు ఎన్నడూ పోయలేదు. రంగు కొట్టడానికి ప్రత్యేకం గది (స్ప్రే బూత్) కట్టుకుని, బయటి నుంచి గాలి పైపుతో వచ్చే మాస్కు పెట్టుకుని కొట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి వేరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నువ్వు కొట్టే పని కాదది. షట్టర్ దించుతావా? ఎవరు చెప్పినారు నీకు? యూట్యూబ్‌లో చూసినావా? చదువుకున్నదానివి, డబ్బా మీద రాసింది చదవాల్సిన పని లేదా?

కోప్పడుతున్నానని అనుకోవద్దు. ఉస్తాద్ తప్పు చేసింది నిర్లక్ష్యంతో కాదు, పని మీద ప్రేమతో. నీకూ అదే ప్రేమ ఉంది, అది చూసే నాకు భయం.

ఎన్.సి. కొట్టు. బయట బాడీకి పి.యు. గట్టిదనం పనికొస్తుంది గానీ, లోపలి డాష్‌బోర్డుకు వాన లేదు, రాళ్లు లేవు. ఎన్.సి. తాకితే అంటుకోనంతగా నిమిషాల్లో ఆరుతుంది కాబట్టి దుమ్ముకు అంత వ్యవధి ఉండదు, షట్టర్ దించే పని లేదు. దుమ్ము పడినా రెండో రోజు నీళ్ల పేపర్‌తో రుద్ది మళ్లీ కొట్టొచ్చు. గీత పడితే ఆ చోటు మాత్రమే బాగు చేసుకోవచ్చు. అయినా థిన్నర్ ఆవిరి మంచిది కాదు, మంటకూ తొందరగా అందుకుంటుంది. కార్బన్ కాట్రిడ్జి మాస్కు పెట్టుకో, షట్టర్, వెనక తలుపు రెండూ తెరువు, కారు తలుపులు నాలుగూ బార్లా తీయి. కంప్రెసర్ బయట పెట్టు. పక్కన పొయ్యి, అగరుబత్తి ఏదీ వెలగకూడదు. జేజి పూజ అయిపోయినాకే మొదలుపెట్టు.

నేల తడిపి పెట్టు. శివరాత్రి దాటి ఎండలు ముదరక ముందే, పొద్దున్నే గాలి లేనప్పుడు కొట్టు. మే నెల మిట్టమధ్యాహ్నం కొడితే థిన్నర్ దారిలోనే ఆవిరై రంగు గరుకుగా పడుతుంది. ముసురు పట్టినప్పుడు కొడితే తెల్లగా మబ్బు కమ్ముతుంది. రేకు బయటపడిన చోట చేతి చెమట తగలనీయకుండా అదే రోజు ప్రైమర్ వేయి. దాని మీద గీతలు పూడ్చే సర్ఫేసర్ పూత వేసి, ఆరినాక నాలుగొందల నంబరు పేపర్‌తో, తర్వాత ఆరొందలతో రుద్దు. పల్చని పూతలు, మధ్యలో ఆగి. ముందద్దం రబ్బరు పెదవి కింద సన్న తాడు దూర్చితే అది లేస్తుంది, రంగు దాని కిందిదాకా పోతుంది. అద్దం కారి తుప్పు పట్టేది ఆ అంచులోనే, ఆడ సోమరితనం చేయొద్దు.

పైభాగానికి మెరుపు వద్దు, మ్యాట్ చేయించు. ఏడో నంబరు హైవే కాదు, ఇప్పుడు నలభై నాలుగు, దాని మీద పొద్దున ఎండలో పోతే మెరిసే డాష్‌బోర్డు నీడంతా అద్దంలో పడి ఎదుటి లారీ కనపడదు. మీటర్ల చుట్టూ నిలువు రేకుకు నీకు నచ్చినంత మెరుపు పెట్టుకో. మెరుపు తెచ్చే కాంపౌండ్ పేస్టు రుద్దడానికి వారమన్నా ఆగు, లోపలి థిన్నర్ పూర్తిగా పోనీ.

బిగించేటప్పుడు ఎర్త్ వైరు కూర్చునే చోట కొత్త రంగు గీకి రేకు బయటపెట్టు. లేకపోతే మీటర్లు పిచ్చి పిచ్చిగా చూపిస్తాయి, బల్బులు వెలగవు, నువ్వేమో వైరింగు చెడిందని ఏడుస్తావు.

రంగు పడకూడని చోట్లన్నీ కప్పే మాస్కింగు అయినాక, రంగు కలిపే ముందు రోజు నాకు చెప్పు. పొద్దున బస్సుకు వస్తా. గన్ నువ్వే పట్టుకో, నేను పక్కన నిలబడతా. జేజికి నా దండాలు చెప్పు. హార్డ్‌నర్ డబ్బా మూత తీయకుండా రేపే షాపులో ఇచ్చేసి రా. వాపసు తీసుకోకపోతే ఆ డబ్బు నేనిస్తా.

మీ మామ