జీన్ ఫ్యూజన్ల మీద పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం. చిన్నపిల్లల మెదడు కణితుల్లో కనిపించే జీన్ ఫ్యూజన్ల మీద పనిచేస్తానంటోంది. విజయవాడలో ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల క్యాన్సర్ జీనోమిక్స్ కోర్సుకు 85 వేలు అడుగుతోంది. కట్టమంటారా?

జవాబు: వద్దండీ. ఆ సర్టిఫికెట్‌తో పీహెచ్‌డీ సీటు రాదు. అందులో నేర్పేది చాలావరకు ఉచితంగా దొరుకుతుంది.

అమ్మాయి ఎంచుకున్నది మాత్రం మంచి రంగం. జీన్ ఫ్యూజన్ అంటే రెండు వేర్వేరు జీన్లు ఒకదానికొకటి అతుక్కోవడం. పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అనే కణితినే తీసుకోండి. 7వ క్రోమోజోమ్ మీద సుమారు 20 లక్షల బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క రెట్టింపై, కేఐఏఏ1549 జీన్ ముందు భాగం బీరాఫ్ జీన్ వెనక భాగానికి అతుక్కుంటుంది. బీరాఫ్‌ను అదుపులో ఉంచే భాగం పోయి, కణాన్ని పెరగమని చెప్పే భాగం మిగులుతుంది. 2008లో బయటపడిన ఈ అతుకు ఉండి, ముందటి చికిత్సకు లొంగని లేదా తిరగబెట్టిన కణితి ఉన్న పిల్లలకు 2024లో అమెరికాలో టోవోరాఫెనిబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. బీరాఫ్ మీద పనిచేసే పాత మందులు కొన్ని ఇదే కణితిని ఇంకా రెచ్చగొడతాయి. రిపోర్టులో ఫ్యూజన్ ఉందా, మామూలు మ్యుటేషన్ ఉందా అన్నది సరిగ్గా రాయడం అందుకే అంత ముఖ్యం.

ఆ రిపోర్టు వెనక పాథాలజిస్టు, ల్యాబ్ మనిషి, కంప్యూటర్ ముందు కూర్చునే బయోఇన్ఫర్మాటిక్స్ మనిషి ఉంటారు. మొదటిది ఎంబీబీఎస్, ఎండీ దారి. మీ అమ్మాయికి మిగతా రెండూ తెరిచే ఉన్నాయి.

ఇప్పుడు చూడాల్సింది ఎమ్మెస్సీ సీటు. ఐఐటీలకు జామ్ అనే ప్రవేశ పరీక్షలో బయోటెక్నాలజీ పేపర్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే ఎమ్మెస్సీలకు గ్యాట్-బి పరీక్ష. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే ముగిసిపోతాయి. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: డిగ్రీ రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అనుకుంటారు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, పైన హెచ్‌ఆర్‌ఏ. పీహెచ్‌డీకి ఐదేళ్లకు తక్కువ లెక్కేసుకోకండి. దగ్గర్లో హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. క్యాన్సర్ ప్రత్యేకంగా కావాలంటే నవీ ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ల క్యాన్సర్ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్.

ఈలోగా ఇంట్లో చేయగలిగిన పని ఉంది. పిల్లల కణితుల ముడి డేటా విద్యార్థి అడిగితే ఇవ్వరు, సంస్థ తరఫున ఒప్పందం కావాలి. కాబట్టి కే562 అనే లుకేమియా కణాల ఆర్‌ఎన్‌ఏ డేటా దించుకోమనండి. అందులో బీసీఆర్-ఏబీఎల్1 ఫ్యూజన్ ఉందని ముందే తెలుసు, అది దొరక్కపోతే తప్పు మన దగ్గరే. ఆ డేటాలోని ముక్కలు ఏ జీన్‌వో పోల్చి చూసే స్టార్ అనే ప్రోగ్రామ్‌కు దాదాపు 30 జీబీ ర్యామ్ కావాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో మధ్యలోనే ఆగిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్ కొనకండి, ఇలాంటి ప్రోగ్రామ్‌లను ఇంటర్నెట్‌లోనే నడిపే గెలాక్సీ యూరప్ సర్వర్ ఉచితం. స్టార్ తర్వాత ఫ్యూజన్లు వెతికే అర్రీబా ప్రోగ్రామ్ నడిపితే ఫ్యూజన్ల పట్టిక వస్తుంది.

అసలు చదువు ఆ పట్టిక దగ్గర మొదలవుతుంది. అందులో చాలా వరుసలు ఉత్తుత్తివే: పక్కపక్క జీన్లు కలిసి చదవబడినవి, ఒకేలా ఉండే జీన్ల మధ్య ప్రోగ్రామ్ పొరబడినవి. అతుకు మీదుగా వెళ్లే రీడ్లు (యంత్రం చదివిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) ఎన్ని, రీడింగ్ ఫ్రేమ్ (మూడేసి అక్షరాల వరుస) నిలిచిందా, కైనేజ్ భాగం (కణాన్ని పెరగమని చెప్పేది) మిగిలిందా అని ఒక్కో వరుసా ఐజీవీ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి చూడాలి.

ల్యాబ్ వైపు కష్టం వేరు. బయాప్సీ ముక్క ఫార్మలిన్‌లో నానాక ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. 200 బేస్‌లకు మించిన ముక్కలు 30 శాతం కూడా లేకపోతే ఫలితం నమ్మడం కష్టం. జీన్లకు రంగు చుక్కలు అంటించి మైక్రోస్కోప్‌లో చూసే ఫిష్ పరీక్షతో చూద్దామంటే, కేఐఏఏ1549, బీరాఫ్ జీన్లు మరీ దగ్గరవడంతో చుక్కలు కలిసిపోయినట్టే ఉంటాయి. కాలేజీ లెటర్ పట్టుకుని మంగళగిరి ఎయిమ్స్ పాథాలజీ విభాగంలో రెండు వారాలు చూడనిస్తారేమో అడగండి. పారాఫిన్ బ్లాక్ (మైనంలో బిగించిన బయాప్సీ ముక్క) నుంచి పలుచటి పొర ఎలా కోస్తారో ఒకసారి కళ్లారా చూస్తే ఈ మాటలన్నీ అర్థమవుతాయి.

ఒక్కటి మాత్రం అమ్మాయికి నచ్చజెప్పండి: పిల్లల మెదడు కణితులే అని పట్టుబడితే ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. లుకేమియాకు చేసే బీసీఆర్-ఏబీఎల్ ఫ్యూజన్ పరీక్ష పెద్ద డయాగ్నొస్టిక్ ల్యాబుల్లో రోజువారీ పని. ఎమ్మెస్సీతో ఆగినా ఉద్యోగం అక్కడ వెతుక్కోవచ్చు, రెజ్యూమేలో ఆ కే562 పని రాసుకోమనండి.