టెలిస్కోప్ కొనకు తమ్మీ, ముందు క్వెరీ రాసుడు నేర్చుకో

తమ్మీ, హన్మకొండల బీఎస్సీ చదువుతున్న, గెలాక్సీలు ఎట్ల పుట్టి ఎట్ల మారినయో పరిశోధన చెయ్యాలని ఉంది, ముందు ఏ టెలిస్కోప్ కొనాలె అని అడిగినవ్. ఏదీ కొనకు. నవంబర్ల లక్నవరం దిక్కు చీకట్లకు పోతే మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా ఉత్త కండ్లకే మసకగా అగుపడ్తది. ఇరవై వేలు పెట్టి కొన్నదాంట్ల చూసినా జరంత పెద్ద మసకే. ఆ పైసలు ల్యాప్‌టాప్ మీద పెట్టు.

ఈ రంగంల చానామంది పొద్దంతా పట్టికల ముందే కూసుంటరు. ఆకాశాన్ని జల్లెడ పట్టిన స్లోన్ డిజిటల్ స్కై సర్వే లక్షల గెలాక్సీల స్పెక్ట్రాలు (కాంతిని రంగులుగా విడదీసిన కొలతలు) తీసి ఉచితంగా పెట్టింది. ఆ డేటా దొరికే కాస్‌జాబ్స్ వెబ్‌సైట్ల ఖాతా తెరిచి నాలుగు లైన్ల క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, ఎస్‌క్యూఎల్ భాషల రాస్తే కావాల్సినయి దిగుతయి. గ్రాఫులకు టాప్‌క్యాట్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, చెయ్యి తిరిగినంక పైథాన్, దాంట్ల ఖగోళం పనికొచ్చే ఆస్ట్రోపై.

ఇగ తప్పులు ఎక్కడ పడ్తయో చెప్త, ఈ పనిల సగం తెలివి అదే. రెడ్‌షిఫ్ట్ అంటే గెలాక్సీ కాంతి ఎరుపు దిక్కు ఎంత జరిగిందనే కొలత, దాంతోనే దూరం లెక్కగడ్తరు. క్వెరీల జెడ్‌వార్నింగ్ (రెడ్‌షిఫ్ట్ మీద అనుమానం చెప్పే గుర్తు) సున్నా అని షరతు పెట్టకుంటే సాఫ్ట్‌వేర్‌కే నమ్మకం లేని రెడ్‌షిఫ్ట్‌లు వచ్చి కూసుంటయి. అది చిన్నది. అసలు గోతి వేరే ఉంది. స్లోన్ ముఖ్యమైన గెలాక్సీల జాబితా ఆర్-బ్యాండ్‌ల (ఎర్ర కాంతిల) 17.77 మాగ్నిట్యూడ్ దగ్గర తెగుతది. మాగ్నిట్యూడ్ అంటే కాంతి కొలత, అంకె తగ్గినకొద్దీ కాంతి ఎక్కువ. రెడ్‌షిఫ్ట్ 0.05 దగ్గర అబ్సొల్యూట్ మాగ్నిట్యూడ్ (దూరంతోని సంబంధం లేని అసలు కాంతి) మైనస్ 19 దాకా ఉన్నయి దొరుకుతయి. 0.1కి పోయేసరికి మైనస్ 20.5 కన్నా కాంతివంతమైనయే మిగుల్తయి. ఇది మర్చి సగటు తీసినోళ్లకు 'దూరపు గెలాక్సీలన్నీ పెద్దయే' అని తేల్తది. చిన్నయి ఉన్నయి, జాబితాలకు ఎక్కలే. అందుకే రెడ్‌షిఫ్ట్ 0.02 నుంచి 0.05 మధ్య, మైనస్ 19 కన్నా కాంతివంతమైనయే తీసుకో. ఇంకా దగ్గరివి ఎందుకొద్దంటే, గెలాక్సీల సొంత కదలికే సెకనుకు కొన్ని వందల కిలోమీటర్లు ఉంటది, దూరం లెక్క చెడ్తది.

ఫైబర్ సంగతి కూడా చూసుకో. గెలాక్సీ కాంతిని పాత స్పెక్ట్రోగ్రాఫ్‌కు మోసుకొచ్చే సన్నటి తీగ, అంటే ఫైబర్, ఆకాశంల 3 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీల 3,600వ వంతు) వెడల్పే చూస్తది. 0.05 దగ్గర అది దాదాపు 10,000 కాంతి సంవత్సరాలు. మన పాలపుంత అసొంటి దాంట్ల నడిమి ముక్కే. అంచుల కొత్త నక్షత్రాలు పుడుతున్నా, నడుమ ముసలియే ఉంటే స్పెక్ట్రం మాత్రం 'ఇది సచ్చిన గెలాక్సీ' అంటది. మొత్తం ఫోటోల రంగు చూడకుండ నమ్మకు. ఇంకోటి, స్లోన్ తరంగదైర్ఘ్యాలు శూన్యంలవి. హైడ్రోజన్ ఆల్ఫా గీత అక్కడ 6564.6 ఆంగ్‌స్ట్రామ్‌లు. పుస్తకంల ఉన్న గాలి విలువ 6562.8 పెడితే వేగంల సెకనుకు 80 కిలోమీటర్ల పైనే తేడా వస్తది.

మన దిక్కు డిగ్రీ ల్యాబుల రికార్డు ముద్దుగ రాయించుకుంటరు గని, 'నీ విలువల ఎర్రర్ ఎంత?' అని అడిగెటోడు లేడు. ఈ రంగం నడిచేదే ఆ ప్రశ్న మీద. 2020ల పుణెల రేడియో ఖగోళ పరిశోధన కేంద్రం ఎన్‌సీఆర్‌ఏ వాళ్లు జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌తోని 800 కోట్ల ఏండ్ల కిందటి గెలాక్సీల హైడ్రోజన్ కొలిచిన్రు. ఒక్కొక్కదాని సంకేతం నాయిస్‌ల మునిగిపోతది, 7,653 గెలాక్సీలవి కలిపి సగటు తీస్తే బయటపడ్డది. ఆ వాయువు 100, 200 కోట్ల ఏండ్లల్ల ఒడిసేటంతనే ఉన్నదని తేలింది. తర్వాత నక్షత్రాల పుట్టుక ఎందుకు తగ్గిందో దాంతోని అర్థమైతది.

దారి అంటవా, పీజీ ప్రవేశ పరీక్ష సీపీజీఈటీ రాసి కాకతీయ యూనివర్సిటీల ఎంఎస్సీ ఫిజిక్స్ చేసినా నష్టం లేదు. తర్వాత పీహెచ్‌డీకి పోయే పరీక్షలు, జెస్ట్ గాని నెట్ గాని. పరిశోధన చేసేటోళ్లకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000, రెండేండ్ల తర్వాత నెలకు 42,000. పీహెచ్‌డీ ఐదారేండ్లు, ఆ మీద పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన కొలువులు), అవి ఎక్కువగా బయటి దేశాలల్ల. నౌకరీ ఎప్పుడని ఇంట్ల అడుగుతరు, ముందే చెప్పిపెట్టు.

ఈ వారం చేసే పని: పైన చెప్పిన జాబితాకు అడ్డంగా అబ్సొల్యూట్ మాగ్నిట్యూడ్, నిలువుగా యూ మైనస్ ఆర్ రంగు (అతినీల, ఎర్ర కాంతుల మాగ్నిట్యూడ్‌ల తేడా) పెట్టి గ్రాఫ్ గియ్యి. 2.2 అటూఇటుగా రెండు గుంపులు విడిపోవాలె, కింద నీలివి, పైన ఎర్రవి. ఎర్రవాట్ల కొన్ని పక్కకు తిరిగి ఉన్న స్పైరల్‌లు, ధూళి అడ్డమొచ్చి ఎర్రగ అగుపడ్తయి. గెలాక్సీ ఆకారంల పొట్టి అక్షాన్ని పొడుగు అక్షంతోని భాగిస్తే 0.5 కన్నా తక్కువొచ్చేటియి తీసేసి మళ్ల గియ్యి.