పాడేవాళ్ళే పాట రాసుకుంటే

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే గొడవ మీద వచ్చాయి. గిటార్ తీగలు ఎప్పుడు మార్చాలని అడిగినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా అన్నయ్యకీ నాకూ రోజూ వాదనే. నాలుగు ఆక్టేవ్‌లు (మన లెక్కలో నాలుగు స్థాయిలు) పాడగలిగినవాడే గొప్ప రాక్ సింగర్ అనీ, మిగతావాళ్ళంతా మైకు పట్టుకున్న కవులనీ అంటాడు. నాకేమో బాబ్ డిలన్ ముక్కుతో పాడినా ప్రాణం. పాట రాసి, తనే పాడే రాక్ కళాకారుణ్ణి అసాధారణ ప్రతిభావంతుడు అనాలంటే అసలు ఏం చూడాలి?
– ఒక కాలేజీ విద్యార్థిని

జవాబు: ముందు మీ అన్నయ్య లెక్క తేల్చేద్దాం. ఆయన మనసులో ఉన్నది క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీయే అయ్యుంటాడు. ఆక్టేవ్‌లు లెక్కపెట్టేవాళ్ళందరూ చివరికి ఆయన దగ్గరికే చేరతారు. 2016లో కొందరు స్వర శాస్త్రవేత్తలు ఫ్రెడ్డీ రికార్డింగులనూ ఇంటర్వ్యూలనూ ముందేసుకుని విశ్లేషించారు. నాలుగు ఆక్టేవ్‌లన్న ప్రచారానికి వాళ్ళకు ఆధారం దొరకలేదు. మాట్లాడే గొంతును బట్టి చూస్తే ఆయన బారిటోన్, అంటే మగ గొంతుల్లో మధ్యస్థాయి గొంతు, అయ్యుండాలన్నారు. దొరికింది వేరే సంగతి. స్వరాన్ని పట్టి నిలిపినప్పుడు వచ్చే వణుకు, అంటే వైబ్రాటో, ఆయనకు మామూలు గాయకుల కంటే వేగంగానూ ఒక క్రమం లేకుండానూ ఉంటుందట. గరగరలాడించి పాడేచోట స్వరతంతువుల పైనున్న మడతలు కూడా కలిసి కంపించి ఉండాలని అంచనా వేశారు. ఆయన్ని అనుకరించే ఒక గాయకుడి గొంతులోకి కెమెరా పెట్టి మరీ చూశారు. రెండు సెకన్లు వినగానే ‘ఇది ఫ్రెడ్డీ’ అని మనం గుర్తుపట్టేది వీటివల్లే.

కానీ గొంతు విలక్షణంగా ఉండేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళలో చాలామంది పేర్లు మనకు తెలియవు. ఫ్రెడ్డీ తన గొంతు ఏమేం చేయగలదో తెలుసుకుని, దానికి తగ్గట్టే రాసుకున్నాడు. 1975 నాటి ‘బొహీమియన్ రాప్సోడీ’ దాదాపు ఆరు నిమిషాల పాట. మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి అంటూ అందులో లేదు. మొదట పియానో మీద మెల్లగా ఒక ఒప్పుకోలు, మధ్యలో ఒపెరా (పాశ్చాత్య సంగీత నాటకం) ధోరణి, ఆ తర్వాత గిటార్ల హోరు. ఎవరైనా ఒక గాయకుడికి ఇలాంటిది రాసిస్తే ‘ఎవరు పాడతారయ్యా దీన్ని’ అని తిప్పి పంపేవారు.

కాబట్టి నేను చూసేది ఇదీ: పాటను ఆ గొంతు కొలతలకే కత్తిరించి కుట్టారా, లేక రెడీమేడ్‌దా?

నేను చాలా ఏళ్ళు బ్యాండ్లలో బేస్ గిటార్ వాయించాను. వెనకాల నిలబడేవాడికి సింగర్ ముఖం కనిపించదు, వీపు కనిపిస్తుంది. ఊపిరి ఎక్కడ పీలుస్తున్నారో భుజాలు చెప్పేస్తాయి. ఎవరో రాసిన పాటైతే లైను మధ్యలో, మాట విరిగేచోట భుజాలు లేస్తాయి. తమ పాట తామే రాసుకునేవాళ్ళలో నేర్పున్నవాళ్ళు ఊపిరి తీసుకునే చోటును కూడా మాటలతో పాటే రాసుకుంటారు. పై స్వరం దగ్గర ‘ఆ’, ‘ఓ’ లాంటి నోరు తెరుచుకునే అచ్చు పడేలా మాటను ఎంచుకుంటారు. అక్కడ ‘ఈ’ పెట్టి సాగదీయమంటే ఎంత మంచి గొంతైనా బిగుసుకుపోతుంది. ఒకే అర్థం వచ్చే మాటలు మూడు ఉంటే, వాటిలో ఏది నోటికి పడుతుందో పాడి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక మీ డిలన్. 1965 జూన్‌లో ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ రికార్డింగ్ మొదలైన రోజున ఆ పాట వాల్ట్జ్ నడకలో, మూడేసి దెబ్బల లెక్కలో ఉంది. కుదరలేదు. మర్నాటికి నాలుగేసి దెబ్బల నడకకు మార్చారు. ఆ రోజు నాలుగో టేకే ఇప్పుడు మనం వినేది. దాని తర్వాత ఇంకా చాలా టేకులు తీశారు కానీ ఏదీ దాన్ని దాటలేదు. నడక మారాక ఏం జరిగిందో వినండి. మాటలు తాళాన్ని ఒకసారి వెనక నుంచి తోస్తాయి, ఒకసారి దాటుకుని ముందుకు పోతాయి. పల్లవిలో, ఇందాక నేను వద్దన్న ‘ఈ’ అచ్చునే పట్టుకుని ఈడుస్తాడు. ఆ గొంతులోని ఎత్తిపొడుపంతా ఆ ఈడ్పులోంచే వస్తుంది. అదే పాటను తియ్యటి గొంతుతో పాడితే ఓదార్పులా వినిపిస్తుంది, అసలు సంగతి చచ్చిపోతుంది. 2016లో ఆయనకు సాహిత్యంలో నోబెల్ ఇచ్చినప్పుడు ‘ఇది సాహిత్యమేనా’ అని పెద్ద రభస జరిగింది. ఆ తగువు పండితులకు వదిలేస్తాను. నాకైతే ఆ పాటలు కాగితం మీద సగమే కనిపిస్తాయి, మిగతా సగం ఆ ముక్కుగొంతులో ఉంది.

మీ అన్నయ్యతో వాదనకు పనికొచ్చేది ఇంకొకటి ఇస్తాను. 1965 జూన్ 14న బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ గొంతు చించుకుని అరిచే ‘ఐయామ్ డౌన్’నూ, గుసగుసకు కాస్త ఎక్కువ అనిపించే ‘యెస్టర్‌డే’నూ ఒకే రోజు రికార్డు చేశాడు. రెండూ ఆయన రాసినవే. అప్పటికి ఆయనకు 23 నిండటానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ రెండు పాటలూ వరసగా పెట్టి వినిపించండి. ఆక్టేవ్‌ల చర్చ అక్కడితో ఆగకపోతే నాకు మళ్ళీ రాయండి.

డేవిడ్ బౌయీ సంగతి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. 1977లో బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో ‘హీరోస్’ పాడేటప్పుడు, నిర్మాత టోనీ విస్కాంటీ మూడు మైకులు పెట్టాడు. ఒకటి నోటి దగ్గర, ఒకటి దాదాపు 20 అడుగుల దూరంలో, ఇంకొకటి దాదాపు 50 అడుగుల దూరంలో. గొంతు ఒక హద్దు దాటి పెరిగితేనే దూరపు మైకులు తెరుచుకునే ఏర్పాటు చేశాడు. బౌయీ మొదట కింది స్థాయిలో, పక్కన కూర్చుని చెబుతున్నట్టు మొదలుపెడతాడు. తర్వాత అదే బాణీని ఒక ఆక్టేవ్ పైకి ఎత్తుకుంటాడు. దూరపు మైకు తెరుచుకోగానే ఆ పెద్ద హాలంతా పాటలోకి వచ్చేస్తుంది. పాటలో ఉన్నది బెర్లిన్ గోడ పక్కన ఒక జంట. గొంతు నిజంగానే దూరాన్ని దాటడానికి అరవాల్సి వచ్చింది. గొంతు, మాట, బాణీ మూడూ ఒకే పనిలో ఉన్నప్పుడు నేను ‘అసాధారణం’ అనే మాట వాడతాను. మిగతా సందర్భాల్లో ‘బాగా పాడారు’ అంటాను, అంతే.

ప్రశ్న: మా అబ్బాయి పద్ధతిగా సంగీతం నేర్చుకుంటున్నాడు. రెండు మూడు కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మాత్రమే వచ్చినవాళ్ళను జనం మేధావులంటుంటే వాడికి ఒళ్ళు మండుతోంది. వాడి కోపం న్యాయమే కదా?
– ఒక తండ్రి

జవాబు: కోపం న్యాయమే, కానీ గురి తప్పింది. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం కోసం స్టీవీ నిక్స్ 1976లో రాసిన ‘డ్రీమ్స్’లో పాట పొడవునా దాదాపు రెండు కార్డ్‌లే ఊగుతుంటాయి. అమెరికా పాటల ప్రధాన చార్టులో ఆ బృందానికి దక్కిన ఏకైక మొదటి స్థానం ఆ పాటదే. కింద కదలిక తక్కువ కాబట్టి పైన బాణీకి బోలెడంత జాగా దొరికింది. ఆమె గొంతులోని జీర అంతా ఆ జాగాలో వినిపిస్తుంది. అక్కడ మీ అబ్బాయికి తెలిసిన పది కార్డ్‌లు వేస్తే ఆ జీర మునిగిపోతుంది.

ఫ్రెడ్డీ అసలు పియానో మనిషి. ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’ను మాత్రం గిటార్ మీద కొద్ది నిమిషాల్లో రాశాడు. గిటార్ అంతగా రాకపోవడమే మేలైందనీ, తెలిసిన కొద్ది కార్డ్‌లకే కట్టుబడాల్సి వచ్చిందనీ తర్వాత చెప్పుకున్నాడు. జోనీ మిచెల్ ఇందుకు వేరే చివర. తొమ్మిదేళ్ళ వయసులో వచ్చిన పోలియో వల్ల ఎడమ చేతి పట్టు తగ్గింది. మామూలు శ్రుతిలో కష్టమైన కార్డ్‌లు పట్టలేక, తీగల శ్రుతినే రకరకాలుగా మార్చుకుంది. అలా మార్చిన తీగల్లోంచి ఇంకెవరి చేతికీ తగలని స్వర మేళనాలు బయటపడ్డాయి. ఆమెది రాక్ కాదు, ఫోక్ (జానపద బాణీ) అంటారు కొందరు. అననివ్వండి.

అబ్బాయిని చదువు మాత్రం మానిపించకండి. ఎక్కువ తెలిసి తక్కువ వాడటం చాలా సుఖం.

ప్రశ్న: నిజమైన ప్రతిభ ఉంటే పాట దానంతటదే రావాలి కదా? నెలల తరబడి చెక్కేవాళ్ళకు ప్రతిభ తక్కువేమో?

జవాబు: ‘యెస్టర్‌డే’ బాణీ మెకార్ట్నీకి నిద్రలో వచ్చింది, నిజమే. కానీ మాటలు రాలేదు. చాలాకాలం దాన్ని కోడిగుడ్డు పొరటు గురించి ఏవో ఉత్తుత్తి మాటలు పెట్టి పాడుకున్నాడు. ఈ బాణీ ఇంకెవరిదైనా నాకు తెలియకుండా తలలోకి వచ్చిందేమోనని కనబడినవారినల్లా అడిగాడు. లెనర్డ్ కోహెన్ ‘హల్లెలూయా’ కోసం ఏళ్ళ తరబడి పదుల కొద్దీ చరణాలు రాశాడు. 1984లో ఆల్బమ్ పూర్తయితే ఆయన కంపెనీ దాన్ని అమెరికాలో విడుదల చేయనంది. ఆ తర్వాత ఎంతమంది పాడారో మీకు తెలుసు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. 1974లో ‘బార్న్ టు రన్’ అనే ఒక్క పాట మీద దాదాపు ఆరు నెలలు కూర్చున్నాడు. వాయిద్యం మీద వాయిద్యం పేరుస్తూ పోయాడు. అదే మనిషి ఆ తర్వాత ఇంట్లో కూర్చుని, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు మీద కొన్ని పాటలు నమూనాగా పాడిపెట్టుకున్నాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో ప్రయత్నిస్తే ఆ ఒంటరితనం పోయింది. చివరికి ఆ ఇంటి క్యాసెట్టే 1982లో ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా వచ్చింది. ఆరు నెలలు చెక్కినవాడికి, చెక్కకూడని పాట ఎదురైనప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా తెలిసింది. పాట ఎంత సేపట్లో వచ్చిందన్నది ఇంటర్వ్యూల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది, అంతకుమించి దానితో పని లేదు.

ప్రశ్న: సొంతంగా పాటలు రాయని రాక్ సింగర్లు ఒక మెట్టు కిందేనా?

జవాబు: కాదు. ఎల్విస్ ప్రెస్లీ రచయిత కాడు, ఎవరైనా ఆయన్ని కింద కూర్చోబెట్టగలరా? ఒక్కోసారి ఇంకొకరి పాట పాడి దాన్ని లాగేసుకునేవాళ్ళు కూడా ఉంటారు. డిలన్ రాసిన ‘ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్’ను జిమీ హెండ్రిక్స్ 1968లో ఎంత మార్చేశాడంటే, తర్వాత డిలనే కచేరీల్లో దాన్ని హెండ్రిక్స్ పద్ధతికి దగ్గరగా పాడటం మొదలుపెట్టాడు.

ప్రశ్న: నేను కొన్ని పాటలు రాసుకుని పాడుతుంటాను. ఇంట్లోవాళ్ళు బాగుందంటారు, ఫ్రెండ్స్ ఇంకా బాగుందంటారు. నిజంగా ప్రతిభ ఉందో లేదో తేల్చుకునేదెలా? ఇది తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: ఇంట్లోవాళ్ళను వదిలేయండి, వాళ్ళకు మీరు కావాలి, పాట కాదు. కొన్ని పనులు చేయండి. ఎకో, రివర్బ్ లాంటి హంగులన్నీ తీసేసి, ఒక్క గిటార్‌తో ఫోన్‌లో రికార్డు చేయండి. వెంటనే వినకండి. పాట కొంచెం మరుపున పడ్డాక, ఎవరో కొత్తవాళ్ళు పంపినట్టుగా వినండి. ఎక్కడ మీ ధ్యాస పక్కకు పోయిందో అక్కడ గీత పెట్టండి. చాలామందికి అది రెండో చరణం దగ్గర పడుతుంది. మొదటి చరణం ఆవేశంలో వచ్చేస్తుంది. రెండోదానికి వచ్చేసరికి చెప్పింది మళ్ళీ చెబుతుంటారు, లేదా ప్రాస కోసం ఏదో ఒకటి కుక్కుతారు. నేను నేర్పే పిల్లల పాటల్లో నేరుగా రెండో చరణానికే పోతాను. అక్కడ కొత్త మనిషో, కొత్త విషయమో, కనీసం కోపం తీరో మారిందంటే కుర్చీ ముందుకు జరుపుకుంటాను.

ఇంకో మాట, శ్రుతి గురించి. కొత్తవాళ్ళు గిటార్ మీద వేళ్ళకు సులువైన కార్డ్‌లలో రాసి, గొంతును అక్కడికి ఈడుస్తారు. గొంతు సన్నగా పీలిపోతుంటే ‘నాకు పాడటం రాదు’ అని దిగులుపడతారు. గిటార్ మెడ మీద తీగలను నొక్కిపట్టి శ్రుతి పెంచే కాపో అనే క్లిప్పు ఉన్నదే ఇందుకు. ఒక్కో మెట్టు జరుపుతూ అదే పాటను పాడి చూడండి. ఒకచోట మీ గొంతు గుర్తుపట్టేలా మారుతుంది. మాటలు కూడా అక్కడికి వెళ్ళాక దిద్దండి, ముందు కాదు. అరిచి పాడాలనిపిస్తే పాడండి. నొప్పి పుడితే మాత్రం ఆపండి, ఆ బొంగురే స్టయిల్ అనుకుని మురిసిపోకండి.

ప్రశ్న: అందరి గురించీ చెబుతారు. ఒక్క పేరు చెప్పమంటే?

జవాబు: పీజే హార్వే. బ్రిటన్‌లో ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతిని 2001లో ఒకసారి, 2011లో ఒకసారి గెలుచుకుంది. దాన్ని రెండుసార్లు గెలిచింది ఆమె ఒక్కతే. నేను ఆమెను ఎంచుకున్నది బహుమతుల కోసం కాదు. 1993లో ‘రిడ్ ఆఫ్ మీ’ ఆల్బమ్‌లో గిటార్ పట్టుకుని గర్జించిన మనిషి, 2007లో ‘వైట్ చాక్’కి వచ్చేసరికి గిటార్‌ను పక్కనబెట్టి, తనకు అంతగా అలవాటు లేని పియానో ముందు కూర్చుంది. గొంతును కూడా ఎప్పుడూ ఉండే చోటు నుంచి బాగా పైకి, సన్నగా తీసుకెళ్ళింది. జనం మెచ్చిన గొంతు చేతిలో ఉండగా ఇంకో గొంతు వెతుక్కుంటూ పోవడానికి చాలా గుండె కావాలి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ ఆల్బమ్ నచ్చలేదు. ఇప్పటికీ అందులో రెండు పాటలు నచ్చవు.