ఇన్నేళ్ల తర్వాత గుర్తొచ్చిందంటోంది చెల్లి. నమ్మాలా, వద్దా?

ముప్పై దాటాక మీ చెల్లికి, చిన్నప్పుడు దగ్గరి బంధువు ఒకాయన తనతో తప్పుగా ప్రవర్తించాడని గుర్తొచ్చిందని రాశారు. అమ్మానాన్న నమ్మట్లేదు, ఇంట్లో మాటల్లేవు, మధ్యలో మీరు నలిగిపోతున్నారు. ఎవరి పక్షాన ఉండాలని అడిగారు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. తొమ్మిదేళ్లయింది. మా అక్కకి అప్పుడు ముప్పై నాలుగు. కూతురికి జడ వేస్తూ వేస్తూ చెయ్యి ఆగిపోయిందట. ఆ పిల్లకి ఏడేళ్లు. తనకి ఏడేళ్లున్నప్పుడు మా బాబాయి చేసింది ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఇంటికొచ్చి, అమ్మానాన్న, నేను కూర్చుని ఉండగా చెప్పింది.

నాన్న అన్న మొదటి మాట, "ఇన్నేళ్లూ ఏం చేశావ్?" అమ్మ ఏడుపు. ఇక నేను, నిజం తేల్చేద్దామన్నట్టు ప్రశ్నలు మొదలుపెట్టాను. ఏ గది? ఏ సంవత్సరం? తలుపు వేసి ఉందా? ఆయన ఏ చొక్కా వేసుకున్నాడు? అక్క నా వైపు చూసి, "దుప్పటి మీద నీలం గీతలు గుర్తున్నాయిరా, సంవత్సరం గుర్తులేదు" అంది. అంతే, లేచి వెళ్లిపోయింది. ఎనిమిది నెలలు మాతో మాట్లాడలేదు. ఆ రాత్రి నేనడిగిన ప్రశ్నలకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ ఎనిమిది నెలల్లో దొరికిందల్లా చదివాను. మీకు పనికొచ్చేవి రెండు మూడు చెప్తాను. 1994లో అమెరికాలో లిండా విలియమ్స్ అనే పరిశోధకురాలు ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నప్పుడు లైంగిక దాడి జరిగి, ఆసుపత్రి రికార్డుల్లో నమోదైన 129 మంది ఆడవాళ్లను దాదాపు 17 ఏళ్ల తర్వాత కలిసి మాట్లాడితే, 38 శాతం మంది ఆ సంఘటన గురించి చెప్పలేదు. అంటే, జరిగింది మనసులోంచి జారిపోవడం ఉన్నదే. మరుసటి ఏడాది, జ్ఞాపకాల మీద పరిశోధన చేసే మనస్తత్వవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ బృందం దీనికి రెండో వైపు చూపించింది. చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని, ఇంట్లోవాళ్లే చెప్పారని 24 మందిని నమ్మించే ప్రయత్నం చేస్తే, తర్వాతి ఇంటర్వ్యూల్లో ఆరుగురు జరగని ఆ సంగతి కొంతైనా గుర్తుందన్నారు. జరగనిది కూడా గుర్తుకు రావచ్చు.

ఇవి రెండూ నిజమే అయినప్పుడు ఏం చెయ్యాలి? నాకు దారి చూపించింది 2007లో ఎల్కే గెరార్ట్స్ అనే పరిశోధకురాలి బృందం, చిన్నప్పటి లైంగిక దాడి జ్ఞాపకాల మీద చేసిన పని. మరచిపోకుండా ఎప్పుడూ గుర్తున్న జ్ఞాపకాల్లో 45 శాతానికి బయటి ఆధారం దొరికింది. చికిత్సతో సంబంధం లేకుండా, అనుకోకుండా గుర్తొచ్చిన వాటిలో 37 శాతానికి దొరికింది. చికిత్సలో గుర్తుచేసుకోగా వచ్చిన వాటిలో ఒక్కదానికీ దొరకలేదు. ఆధారం దొరకనంత మాత్రాన అబద్ధమని కాదు. కానీ జ్ఞాపకం ఎలా వచ్చిందన్నది చాలా ముఖ్యం. మీ చెల్లికి తనంతట తానే వచ్చిందా, ఎవరైనా "నీకు చిన్నప్పుడు ఏదో జరిగే ఉంటుంది, బాగా ఆలోచించు" అని తోడుతూ పోతే వచ్చిందా?

హిప్నాసిస్ చేయిస్తే నిజం బయటపడుతుందని మా బంధువొకరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయించకండి. దానివల్ల గుర్తొచ్చింది నిజమేనన్న నమ్మకం పెరుగుతుంది గానీ జ్ఞాపకం సరిగ్గా రావడం పెరగదు. 1994లోనే కాలిఫోర్నియాలో ఒక తండ్రి, కూతురి మనసులో ఇలాంటి జ్ఞాపకాలు నాటారని థెరపిస్టుల మీద కేసు వేస్తే, జ్యూరీ ఆయనకి 5 లక్షల డాలర్లు ఇమ్మంది. కోర్టులో ఎవరు గెలిచినా, ఆ కుటుంబం మళ్లీ కలిసిందని నేను అనుకోలేను. అక్క వెళ్లిన కౌన్సెలర్ మాత్రం ఏమీ తవ్వలేదు. నిద్ర పట్టట్లేదంటే నిద్ర గురించి, భయమంటే భయం గురించి మాట్లాడింది. అలాంటివాళ్లను వెతకండి.

అమ్మ విషయం చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మగారు కూడా అలాగే అంటున్నారని రాశారు. "ఆ సెలవుల్లో వాడు మనింటికి రానే లేదు" అని మా అమ్మ ఒట్టు పెట్టి చెప్పింది. అబద్ధం కాదు, మనస్ఫూర్తిగా నమ్మింది. ఒకరోజు పాత ఆల్బమ్ తిరగేస్తుంటే ఒక ఫోటో కనిపించింది. మంచం మీద బాబాయి, పక్కన నేను, మూలన నారింజ రంగు అంకెల్లో తేదీ. ఆ సెలవులే. ఆ ఫోటో అక్క చెప్పింది రుజువు చెయ్యదు. మంచం మీదున్న దుప్పటికి గీతలే లేవు కూడా. కానీ అమ్మ జ్ఞాపకం తప్పని తేలింది. అప్పటిదాకా మేమంతా అక్క జ్ఞాపకాన్నే బోనులో నిలబెట్టాం. "అలాంటిదేం జరగలేదు" అన్నదీ ఒక జ్ఞాపకమేనని, అదీ మనసు అల్లుకున్నదే కావచ్చని ఎవరికీ తట్టలేదు. నాతో సహా.

కాబట్టి మీ చెల్లి దగ్గర కూర్చోండి. చెప్పింది వినండి, చెప్పనిది అడగొద్దు. ఖాళీలు మీరు పూరించకండి, "ఇలా జరిగి ఉంటుందా" అని అందించకండి. తనకి ఇష్టమైతే ఇప్పుడు గుర్తున్నది తన మాటల్లోనే, తేదీ వేసి రాసుకోమనండి. ఎందుకంటే రేపటి నుంచి పదిమంది మాటలు అందులో కలుస్తాయి. నలుగురిలో ఆయన్ని నిలదీసే ఆలోచన ఉంటే, ఇప్పుడే వద్దని చెప్పండి. కేసు పెట్టాలా వద్దా అన్నది తన నిర్ణయం, ముందు ఒక లాయర్‌తో మాట్లాడించండి. ఒక్క పని మాత్రం రుజువు కోసం ఆగకుండా ఈరోజే చెయ్యండి. ఆ మనిషి దగ్గర మీ ఇంటి పిల్లలెవరినీ ఒంటరిగా వదలకండి. ఆయన నిర్దోషి అయినా దీనివల్ల ఆయనకి పోయేదేమీ లేదు.

మీ అమ్మానాన్నల మీద కోపం తెచ్చుకోకండి. నమ్మితే, పక్క గదిలోనే ఉండి బిడ్డను కాపాడుకోలేకపోయామని ఒప్పుకోవాలి. అది మొయ్యలేకే చాలామంది "లేదు" అంటారు. మా నాన్న ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు. బాబాయి చనిపోయాడు, ఇక ఎవర్నీ అడగలేం. పోయినేడు అమ్మ ఆ ఫోటో ఆల్బమ్‌లోంచి తీసి అక్క చేతిలో పెట్టి, "వాడు వచ్చాడే. నేనే మర్చిపోయాను" అంది. అక్క చాలాసేపు ఏడ్చింది. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది.